సిరా ఆరేదాకా

పోయిన నెల నేను రిటైరయ్యాను. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల కంపెనీలో నలభై ఏళ్లు పనిచేశాను. చివరిరోజు ఒక శాలువా కప్పారు, ఒక గోడగడియారం ఇచ్చారు, అందరికీ బిర్యానీ పొట్లాలు పంచారు. ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి కాగితాలు నా ముందు పెట్టి, పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకుని సంతకం చేయమన్నాడు. తప్పుంటే ఇప్పుడే చెప్పాలన్నాడు.

తప్పుంది. నిజానికి నాకింకా రెండేళ్ల నౌకరి ఉంది. ఆ మాట చెప్పలేదు. సంతకం పెట్టి, గడియారం చంకలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను.

ఆ రెండేళ్లు నేను పదహారో ఏట మా ఇంటి బైబిల్లోంచి గీకి తీసినవి. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు ఇంద్రేశం అవతల. ఇప్పుడు అక్కడ ప్లాట్ల రాళ్లు, రంగు గేట్లు కనిపిస్తాయి. అప్పుడు జొన్నచేలు, కందిచేలు, ఊరి చివర మా వాడ. వాడలో పదిహేను ఇళ్లు, ఒక రేకుల గుడి. చర్చిని మేం గుడి అనేవాళ్లం. మేమందరం ఆ గుడికి పోయేవాళ్లం. ఆదివారం ఉదయం గుడిలో కొబ్బరినూనె వాసన, ఉతికిన బట్టల వాసన వచ్చేది. గాలి తిరిగిందంటే ఫ్యాక్టరీల నుంచి కుళ్లిన గుడ్ల వాసన కూడా వచ్చేది. పాట మధ్యలో ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పాడేవాళ్లు.

మా నాయన ముప్పై ఏళ్లు వచ్చేదాకా చదువురానివాడు. సంగారెడ్డి వైపు నుంచి వారానికోసారి ఒక ముసలామె గొడుగు పట్టుకుని బస్సు దిగి వచ్చేది. ఊరూరా తిరిగి పెద్దవాళ్లకు చదువు చెప్పి, వాక్యం చెప్పే మనిషి. ఆమెను అందరూ బైబిలమ్మ అనేవాళ్లు. మా ఇంట్లో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కారం తిని, నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. ఆమె దగ్గర బలపం, పలక లేవు. ఉన్నది బైబిలొక్కటే. నాయన అ ఆలు అందులోనే నేర్చుకున్నాడు. ఆ తర్వాత జీవితంలో ఇంకో పుస్తకం చదవలేదు. ఊళ్లు తిరగడం మానేముందు ఆమె తన బైబిలే ఆయనకు ఇచ్చిపోయింది.

ఆ పుస్తకం లోపలి అర్రలో గోడకు కొట్టిన చెక్క మీద, తెల్లగుడ్డలో చుట్టి ఉండేది. పురుగు పట్టకుండా అమ్మ పేజీల నడుమ వేపాకు పెట్టేది. తెరిస్తే ఎండిన వేపాకు వాసన, దీపపు పొగ వాసన కలిసి వచ్చేవి. చేతులు కడుక్కోకుండా ముట్టుకుంటే నాయన ఊరుకునేవాడు కాదు. రోజూ పొద్దుగూకే వేళ వేలు అక్షరాల కింద పెట్టి, ఒత్తులు వచ్చినచోట ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి, ఒక అధ్యాయం పైకి చదివేవాడు. అది అయ్యాకే అన్నం. కొన్ని అధ్యాయాల్లో ఎవరు ఎవరిని కన్నారో పేర్లే ఉండేవి. పొయ్యి మీద పప్పు వాసన వస్తుంటే ఆ పేర్లు అయిపోయేవి కావు.

పేజీ గుర్తుకు ఒక ఎర్ర దారం ఉండేది. ఆకలికి తాళలేక ఒకరోజు ఆ దారాన్ని తీసి, రెండే వచనాలున్న కీర్తన దగ్గర పెట్టాను. నాయన దారం ఉన్నచోటే తెరిచాడు. రెండు వచనాలూ చదివాడు, ప్రార్థన చేశాడు, అయిపోయింది. రెండోరోజు కూడా అట్లాగే చేశాను. మూడోరోజు కూడా. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. నాయన మాత్రం "దేవుడు ఇదే మల్ల మల్ల ఇనుమంటుండేమో" అన్నాడు. దారాన్ని ఎవరైనా జరిపి ఉంటారన్న అనుమానమే ఆయనకు రాలేదు. తన గుర్తుకూ ఆ పుస్తకానికీ తేడా వస్తే, తన గుర్తే తప్పనుకునే మనిషి.

అప్పుడది నాకు నవ్వులాటగానే ఉండింది.

పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యే చోట ఒక తెల్లకాగితం ఉండేది. పుస్తకం నాయన చేతికి ఇచ్చిన రోజే, అప్పటికి రాయడం కూడా వచ్చిన ఆయనను బైబిలమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో పుట్టినవాళ్ల, పోయినవాళ్ల వివరాలన్నీ దాని మీద రాయించింది. అక్క పుట్టుక, నా పుట్టుక అప్పుడు రాసినవే. మా ఇద్దరి తర్వాత మూడు దినాలు బతికి పోయిన చెల్లెలి సంగతి కూడా ఉంది. మూడు దినాల పిల్లకు వరుస ఎందుకు దండగని ఒకసారి అడిగాను.

"మూడు దినాలైనా బతికింది గద బిడ్డ. రాయకుంటే అబద్ధమైతది" అన్నాడు నాయన.

ఆ కాగితం మీద ఏదైనా రాయాలంటే ఒక పద్ధతి ఉండేది. అందరం చేతులు కడుక్కుని నిలబడాలి. రాయబోయే మాట నాయన పైకి చెప్పి, "సత్యమేనా?" అని అడగాలి. మేమందరం "సత్యమే" అనాలి. అప్పుడు రాయాలి. దానికని వేరే సిరా పెన్ను ఉండేది. రాశాక సిరా ఆరేదాకా పుస్తకం మూయకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. తడి ఆరకముందే మూస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుందని, వాక్యం మీద మన మరక పడకూడదని అనేవాడు.

నాయన పెద్దరోడ్డు పక్కన పరిశోధన పొలాల్లో కూలికి పోయేవాడు. జొన్న కంకులకు కాగితపు సంచులు తొడిగి, ఒక్కోదాని మీద అంకె వేసే పని. ఒక్క సంచి మీద అంకె తప్పుపడితే ఆ వరుస పంటంతా ఎందుకూ పనికిరాదని, అక్కడి సార్లు ఏళ్లుగా చేసింది పోతుందని ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆ పనిని కూడా ఆయన బైబిలు చదివినట్టే చేసేవాడు.

నేను ఏడో తరగతి తప్పి బడి మానేశాను. నాకంటే కొంచెం పెద్ద పిల్లలు ఇద్దరు ముగ్గురు ఫ్యాక్టరీల్లో చేరారు. వాళ్లకు మెడలో ఫొటో ఉన్న కార్డు, కాళ్లకు నల్ల బూట్లు. సాయంత్రం వాళ్లు సైకిళ్లు దిగి నడిచివస్తుంటే ఆ బూట్ల చప్పుడే నాకు వినిపించేది. ఇల్లు గడవడానికి నౌకరి చేశానని తర్వాత చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. నాకు ఆ బూట్లు కావాలి.

కంపెనీ గుమాస్తా పద్దెనిమిది నిండాలన్నాడు. బడి కాగితం తెమ్మన్నాడు. ఆ కాగితంలో నా అసలు వయసు ఉంది. అందుకని నేను బడికే పోలేదని చెప్పాను. అయితే చర్చి నుంచి బాప్తిస్మ పత్రమైనా తెమ్మన్నాడు. మా గుడి రిజిస్టరు చెదలు తినేసింది. అప్పటినుంచి ఎవరికి కాగితం కావాలన్నా, వాళ్ల ఇంటి బైబిల్లో రాసుకున్నది చూసి అయ్యగారు, అంటే మా పాస్టరు, రాసిచ్చేవారు. ఇంటి బైబిల్లో అబద్ధం రాసే మనిషి ఉంటాడని ఆయనా అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం నాయన పొలానికి పోయాడు, అమ్మ కూరాకు తెంపడానికి పోయింది. బైబిలు కిటికీ బండ మీద పెట్టి, సగం విరిచిన బ్లేడుతో నా ఏడాదిలోని చివరి అంకె గీకాను. చేతులు కడుక్కోలేదు. గీకిన చోట కాగితం నూగు లేచింది. నాయన పెన్నుతోనే కొత్త అంకె రాస్తే సిరా పాకి అంకె లావైంది. అప్పుడు చూసుకుంటే, అక్క కంటే నేను ఆరు నెలలు ముందు పుట్టినట్టైంది. మా ఇద్దరికీ ఏడాదిన్నర తేడా. పై వరుసలో అక్క అంకె కూడా గీకి, ఆమెనూ రెండేళ్లు వెనక్కి జరిపాను.

సరిగ్గా అప్పుడే అక్క బిందెతో లోపలికి వచ్చింది. పుస్తకం టక్కున మూశాను.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"వాక్యం కంఠతం జేస్తున్న."

"నువ్వా? ఎండ దెబ్బ తగిలిందా ఏంది?" అని నవ్వి, బిందె దించి పోయింది.

తెరిచి చూస్తే సిరా ఎదుటి పేజీకి అంటింది. అక్కడ కొత్త నిబంధన మొదటి అధ్యాయం, ఎవరు ఎవరిని కన్నారో చెప్పే పేర్ల వరుస. ఆ పేర్ల మీద రెండు నల్ల మరకలు పడ్డాయి. ఇప్పటికీ ఉన్నాయి. వారం తర్వాత నాయన వాటిని చూసి, తానే ఎప్పుడో తొందరపడి మూసినట్టున్నానని బాధపడ్డాడు.

అయ్యగారు బైబిల్లోది చూసి, నన్నేమీ అడగకుండానే రాసిచ్చారు. కంపెనీలో చదువురాదని చెప్పాను కాబట్టి చేరిన కాగితం మీద వేలిముద్ర వేయాల్సి వచ్చింది. నాకు ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చు. కొన్నేళ్ల తర్వాత కష్టపడి సంతకం నేర్చుకున్నట్టు నటించాను, సూపర్‌వైజరు భుజం తట్టి మెచ్చుకున్నాడు. బూట్లు మొదటి నెలలోనే వచ్చాయి. మడమలు బొబ్బలెక్కాయి.

ఏడాది గడిచాక అక్కకు సంబంధం వచ్చింది. అబ్బాయిది సంగారెడ్డి అవతల ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు పల్లె. వడ్రంగం పని. ప్రార్థన సభల్లో ఢోలక్ వాయించేవాడు. అతను వాయిస్తుంటే అక్క పాట మరిచిపోయి చూడటం మా వాడలో అందరికీ తెలుసు. నాయనకు తప్ప అందరికీ. అబ్బాయి అక్క కంటే ఏడాది పెద్ద. ఇరువైపులా ఇష్టమే. మాట ఖాయం చేసుకోవడానికి అబ్బాయి తండ్రి, మేనత్త వచ్చారు. అయ్యగారు వచ్చారు. అమ్మ శనగ గుడాలు ఉడికించి, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెట్టింది. ఇంటినిండా ఆ వాసన.

మాటల్లో అబ్బాయి తండ్రి, పిల్ల పుట్టిన ఏడాది ఏదని అడిగాడు. పుస్తకం చూస్తే సరి అన్నాడు నాయన. చేతులు కడుక్కుని తెరిచాడు. చూసి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. అంకె చెప్పాడు. ఆ లెక్కన అబ్బాయి కంటే అక్కే ఏడాది పెద్ద. మేనత్త గుడాల గిన్నె కింద పెట్టింది.

అమ్మ లేచి నిలబడింది. "ఎవరన్నరు? పెద్దరోడ్డుకు కంకర కొట్టేటప్పుడు ఇది నా కడుపుల ఉన్నది. ఎనిమిదో నెల. ఆ రోడ్డు ఎప్పుడేసిన్రో ఊరంత ఎరుకే."

రోడ్డు ఎన్నోసార్లు వేశారని, ఏ సారో ఎవరికి గుర్తని నాయన మెల్లగా అన్నాడు. తనకూ అమ్మ చెప్పినట్టే గుర్తుందని, కానీ తన గుర్తు తప్పై ఉంటుందని కూడా అన్నాడు.

"బుక్కు నువ్వు రాసినవ్. పిల్లను నేను కన్న" అంది అమ్మ.

అమ్మ మాటే నమ్ముదామని, పెద్దమనుషులం మనమే ఉన్నాం కదా అని అయ్యగారు సర్దిచెప్పబోయారు. నాయన ఒప్పుకోలేదు. ఇందులో రాసిందొకటి ఉండగా, అవసరం కొద్దీ ఇంకోటి చెబితే, రేపటినుంచి ఇంకే పేజీ నమ్మాలన్నాడు. కోపంగా చెప్పలేదు. సంచి మీది అంకె చదివినట్టు చెప్పాడు.

నేనప్పుడే మొదటి షిఫ్టు దిగి వచ్చి గడపలో బూట్లు విప్పుతున్నాను. అమ్మ నా వైపు తిరిగింది. ఆయన చూపు ఆనడం లేదని, జెర నువ్వు చదువు బిడ్డా అంది. నాయన పుస్తకం నా చేతుల్లో పెట్టాడు. మా చేతులు రెండూ ఆ పుస్తకం కింద ఒక క్షణం కలిసి ఉన్నాయి. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. అది అప్పుడే తెలుసు. నాలుగు రోజుల్లో నా నౌకరి పర్మినెంటు కావాలి. నేను రాసిన అంకెను నేనే పైకి చదివాను.

"సత్యమేనా?" అన్నాడు నాయన.

"సత్యమే" అన్నాను.

అబ్బాయి తండ్రి కండువా భుజాన వేసుకుని, "ఏమనుకోకన్నా, నలుగురు నవ్వుతరు" అని లేచాడు. గుడాలు ఎవరూ తినలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో నాయన, కన్నబిడ్డ వయసు కూడా గుర్తుపెట్టుకోలేని తండ్రినయ్యానని, క్షమించమని దేవుణ్ని అడిగాడు. చివర అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. రెండు దినాలు ఆయన అన్నం ముట్టలేదు.

మూడోరోజు బట్టలుతికే బండ దగ్గర అక్క నన్ను ఆపింది. "ఆ పొద్దు కిటికీ కాడ కంఠతం జేసిన వాక్యం ఏదిరా? ఒక్కసారి చెప్పు."

ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు. చిన్నప్పటినుంచి నోటికొచ్చినవి కూడా రాలేదు. ఆమె నా చేతుల వైపు చూసి, పిండిన చీర దులిపి తీగ మీద వేసింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

రెండేళ్లకు సదాశివపేటలో ఒక తాపీమేస్త్రీతో ఆమె పెళ్లైంది. బావ మంచివాడు. ఇద్దరు పిల్లలు. ఆమె బతుకు నావల్ల పాడైందని చెప్పను, అట్లా చెప్పడం ఆమె బతుకును తక్కువ చేయడమే. కానీ ఢోలక్ మోగే సభకు ఆమె మళ్లీ పోలేదు. అమ్మ చివరిదాకా ఆ కంకర సంగతి చెబుతూనే ఉంది. నాయన చివరిదాకా తన గుర్తే తప్పనుకుంటూ పోయాడు. ఆయన పోయిన వివరం ఆ కాగితం మీద నేనే రాయాలి. అక్క ఎదురుగా "సత్యమేనా?" అని అడగడానికి నోరు రాక, వచ్చే వారం రాద్దామని దాటేశాను. ఇన్నేళ్లైనా ఆ వరుస ఖాళీగానే ఉంది. అమ్మ వరుస కూడా.

నాయన తరచూ ఒక మాట అనేవాడు. ఆ పుస్తకాన్ని ఎందుకంత నమ్ముతావని మా వాడలో ఒకతను ఎగతాళి చేస్తే చెప్పిన మాట. "పెద్ద పెద్ద రాజులు జేసిన తప్పులు గూడ దాయకుంట రాసిన్రు. మన తాతల సంగతి మనం గట్ల రాస్తమా? అందుకే నమ్ముత." చిన్నప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టి ఆటోలో వస్తుంటే అదే గుర్తొచ్చింది.

బావ పోయాక అక్క కొడుకు దగ్గర పటాన్‌చెరులో ఉంటోంది. మూడో అంతస్తు. పోయిన ఆదివారం తెల్లగుడ్డలో చుట్టిన బైబిలు పట్టుకుని పోయాను. ఆమె పల్లీలు ఒలుస్తోంది. గుడ్డ విప్పకముందే పోల్చింది.

"ఏందిరా, ఆ వాక్యం దొరికిందా?"

అంతా చెప్పాను. ఆమెకు తెలియనిది ఒక్కటీ లేదు. నేను చెప్పడమొక్కటే కొత్త. విన్నంతసేపూ పల్లీలు ఒలుస్తూనే ఉంది. నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇన్నేళ్లూ నా నౌకరి పోతుందనే ఊరుకుందని అనుకుంటూ వచ్చాను.

"నీ కోసం కాదు" అంది. "ఆయన తన మతి తప్పిందనుకొని ఎట్లనో బతికిండు. బుక్కుల అబద్ధముందంటే ఎట్ల బతుకుతుండె? ఆయనకు అదొక్కటే ఉండె."

నేను బ్యాగులోంచి బ్లేడు తీశాను. నా అంకె, ఆమె అంకె మళ్లీ గీకి, నాయన రాసినవి రాసిపెడదామని తెచ్చాను.

"గీకకు. ఒకపారి గీకినవ్, సాలు" అంది. "ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యి. నువ్వు జేసింది కింద రాయి."

ఇద్దరం చేతులు కడుక్కున్నాం. మోకాళ్ల నొప్పితో గోడ పట్టుకుని ఆమె నిలబడింది. నేను ఫలానా ఏట ఈ రెండు అంకెలు మార్చానని, అసలువి ఇవని, మా నాయన గుర్తు తప్పలేదని, మా అమ్మ చెప్పిందే నిజమని రాయబోతున్న మాట పైకి చెప్పాను. దాని కింద నాయన పోయిన రోజు, అమ్మ పోయిన రోజు చెప్పాను.

"సత్యమేనా?" అంది అక్క. అడగాల్సింది నేను. ఆమే అడిగింది.

"సత్యమే" అన్నాను. రాశాను. అక్షరాలు వంకర పోయాయి. చివరి వరుస కాగితం అంచుకు చేరింది.

మూయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎదురుగా పేర్ల మీద ఆ రెండు పాత మరకలు. ఇద్దరం కూర్చున్నాం. కిటికీలోంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తే ఆమె కొంగు ముక్కుకు పెట్టుకుంది, లేచి కిటికీ మూయలేదు. సిరా ఆరేదాకా అట్లాగే కూర్చున్నాం.